సీబీడీకి నానో వాహకం: సాల్వెంట్ లేకుండా చేసుకునే పద్ధతి

గ్రీన్ పద్ధతి అని పేరున్న నానో ప్రోటోకాల్ ఏది నా చేతికొచ్చినా, పదార్థాల జాబితా తర్వాత చూస్తాను. ముందు అందులో ఎన్ని స్టెప్పులున్నాయో లెక్కపెడతాను. మొక్క నుంచి తీసిన ఎమల్సిఫయర్ (నూనె, నీరు విడిపోకుండా కలిపి ఉంచే పదార్థం) వాడి, ఆ తర్వాత బకెట్ల కొద్దీ నీళ్లు మారుస్తూ డయాలిసిస్ చేసి (పలచటి పొర గుండా అక్కర్లేనివి కడిగేసి), చివర్లో రెండు రోజులు ఫ్రీజ్ డ్రయర్ నడిపితే పర్యావరణానికి ఒరిగిందేమీ లేదు. నీటిలో కరగని మందుల ఫార్ములేషనే నా వృత్తి. కొత్తగా పనిలో చేరినవాళ్లకి నేను మొదట చెప్పేది ఇదే: తర్వాత తీసెయ్యాల్సిన వస్తువుని మొదట్లోనే వెయ్యకండి. గంజాయి మొక్క నుంచి వచ్చే సీబీడీకి నానో వాహకం, అంటే మందుని మోసుకెళ్లే అతి సన్నటి బొట్లు, చేసుకోవడం గురించిన ఈ గైడ్ అంతా ఆ మాట చుట్టూనే తిరుగుతుంది.

ఇది అనుమతి ఉన్న ల్యాబ్‌లో పనిచేసే విద్యార్థుల కోసం, ఫార్మసిస్టుల కోసం రాస్తున్నాను. ఇంట్లో చేసుకుని తాగడానికి కాదు. గంజాయి నుంచి వచ్చే పదార్థాల మీద ఒక్కో దేశంలో ఒక్కో చట్టం ఉంది. మీ దగ్గర లైసెన్సు కావాలంటే అది కాగితం మీద చేతికొచ్చాకే మొదలుపెట్టండి.

అసలు వాహకం ఎందుకు?

సీబీడీ, అంటే కన్నాబిడయాల్, మత్తు కలిగించదు. కానీ నీటిలో దాదాపు కరగదు. దాని లాగ్ పీ (నీటికన్నా నూనెలాంటి ద్రవాన్ని ఎంత ఇష్టపడుతుందో చెప్పే అంకె) 6 దాటుతుంది. అంటే ఆక్టనాల్, నీళ్లు రెండూ పక్కపక్కనే ఉన్నప్పుడు నీటిలోకి ఒక్క అణువు వెళితే, ఆక్టనాల్‌లో పది లక్షలకు పైగా ఉండిపోతాయి. నోటి ద్వారా తీసుకుంటే రక్తంలోకి చేరేది 6 శాతం దగ్గర అని సాధారణంగా చెబుతారు. దీనికి కారణాలు రెండు. పేగులో కరగకపోవడం ఒకటి, కరిగి లోపలికెళ్లినదాన్ని కాలేయం వెంటనే విరగ్గొట్టడం రెండోది. నానో వాహకం ముఖ్యంగా మొదటి సమస్యని పరిష్కరిస్తుంది. రెండోదాన్ని కూడా పూర్తిగా తప్పిస్తానని ఎవరైనా రాస్తే నమ్మకండి.

అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో ఆమోదించిన ఎపిడియోలెక్స్ అనే మూర్ఛ మందునే తీసుకోండి. అది నానో కాదు. నువ్వుల నూనెలో మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాముల సీబీడీ ఉంటుంది, కొంచెం ఆల్కహాల్ కూడా. కొవ్వు ఎక్కువున్న భోజనంతో కలిపి తీసుకుంటే రక్తంలో సీబీడీ గరిష్ఠ స్థాయి 5 రెట్లు, రక్తంలోకి చేరే మొత్తం సీబీడీ 4 రెట్లు అవుతుందని దాని లేబుల్ మీదే ఉంది. కొవ్వు ఎంత పని చేస్తుందో చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి? ఆ కొవ్వుని మనమే ముందుగా సన్నటి బొట్లుగా చేసి, అందులో మందు పెట్టి ఇస్తే తిండి మీద ఆధారపడటం తగ్గుతుంది. నానో ఎమల్షన్, అంటే నీటిలో చెదిరి ఉన్న ఆ సన్నటి నూనె బొట్ల మిశ్రమం, వెనకున్న ఆలోచన ఇంతే.

ఏ పద్ధతి ఎంచుకోవాలి?

పాత పద్ధతుల్లో చాలావాటికి క్లోరోఫామ్ కావాలి, లేదా డైక్లోరోమీథేన్ కావాలి. మందుని, లిపిడ్‌ని అందులో కరిగించి, ఆవిరి చేసి, మిగిలిన పొరని నీటితో తడుపుతారు. మందుల నాణ్యతకి అంతర్జాతీయ నిబంధనలు రాసే ఐసీహెచ్ మార్గదర్శకాల ప్రకారం తుది మందులో క్లోరోఫామ్ 60 పీపీఎం (పది లక్షల్లో 60 భాగాలు) దాటకూడదు, డైక్లోరోమీథేన్ 600 పీపీఎం దాటకూడదు. ఆ స్థాయికి తీసుకురావడానికి వాక్యూమ్, వేడి, సమయం, తీశాక ఆ సాల్వెంట్‌ని (కరిగించే ద్రవాన్ని) పారెయ్యడానికి మళ్లీ ఖర్చు. ఇథనాల్, ఇథైల్ ఎసిటేట్ లాంటివి ప్రమాదం తక్కువున్న మూడో తరగతివి, వాటికి 5000 పీపీఎం దాకా వెసులుబాటు ఉంది. అవి మేలే. అసలు సాల్వెంటే లేకపోతే ఇంకా మేలు.

సీబీడీ విషయంలో మనకి ఒక అదృష్టం ఉంది. అది 66 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది, గోరువెచ్చని నూనెలో అంతకంటే ముందే కలిసిపోతుంది. నూనే దానికి సాల్వెంట్. ఆ నూనెని తీసెయ్యక్కర్లేదు, అదే వాహకం అవుతుంది. అందుకే నోటి ద్వారా ఇచ్చే మందుకి నా మొదటి ఎంపిక నూనె, నీరు, ఎమల్సిఫయర్, ఒత్తిడి. అంతే.

చాలామంది తక్కువ శక్తితో అయ్యే పద్ధతుల వైపు మొగ్గుతారు. సర్ఫాక్టెంట్ (ఎమల్సిఫయర్‌గా పనిచేసే సబ్బులాంటి పదార్థం) ఎక్కువ వేసి నీళ్లలో పోస్తే దానంతట అదే నానో ఎమల్షన్ అయిపోతుంది, కరెంటు ఖర్చు ఉండదు అంటారు. నిజమే, కానీ దానికి నూనెతో సమానంగానో, అంతకన్నా ఎక్కువగానో సర్ఫాక్టెంట్ కావాలి. అందులో ఎక్కువగా వాడేది పాలీసార్బేట్ 80. దాని తయారీలో ఇథిలీన్ ఆక్సైడ్ అనే ప్రమాదకరమైన వాయువు వాడతారు. ఇక్కడ ఆదా చేసిన శక్తిని ఫ్యాక్టరీలో ఖర్చుపెట్టించినట్టు అవుతుంది, పైగా రోజూ మందు తాగే మనిషి కడుపులోకి అంత సర్ఫాక్టెంట్ వెళుతుంది. హోమోజినైజర్ (ద్రవాన్ని ఎక్కువ ఒత్తిడితో సన్నటి సందులోంచి తోసే మిషన్) నాలుగు నిమిషాలు నడిపి సర్ఫాక్టెంట్ తగ్గించుకోవడమే నాకు సబబుగా కనిపిస్తుంది.

100 గ్రాముల బ్యాచ్‌కి కావలసినవి

శుద్ధి చేసిన సీబీడీ 1 గ్రాము. ఎంసీటీ నూనె (మధ్యస్థ గొలుసున్న కొవ్వు) 8 గ్రాములు, నువ్వుల నూనె లేదా ఆలివ్ నూనె 1 గ్రాము. సన్‌ఫ్లవర్ లెసితిన్ 1 గ్రాము. క్విల్లాయా సాపోనిన్ 2 గ్రాములు. ఈ రెండూ మన ఎమల్సిఫయర్లు. ఆల్ఫా టోకోఫెరాల్, అంటే విటమిన్ ఈ, 0.05 గ్రాములు. మిగతాది శుద్ధమైన నీరు, దాదాపు 87 గ్రాములు. ఇది మొదలుపెట్టడానికి పనికొచ్చే నిష్పత్తి. మీ పదార్థాలకి తగ్గట్టు సర్దుకోండి.

రెండు నూనెలు ఎందుకంటే, నీటిలో ఏమాత్రం కరిగే గుణమున్నా చిన్న బొట్లలోని నూనె మెల్లగా పెద్ద బొట్లలోకి చేరిపోతుంది. ఓస్వాల్డ్ రైపెనింగ్ అంటారు దీన్ని. పొడవాటి గొలుసున్న నూనె కొంచెం కలిస్తే అది నెమ్మదిస్తుంది.

క్విల్లాయా సాపోనిన్ చిలీలో పెరిగే క్విల్లాయా చెట్టు నుంచి వస్తుంది. కొనేముందు ఒక్క విషయం అడగండి: అది చెట్టు బెరడు నుంచి తీసిందా, కొమ్మలు, కలప కూడా కలిపి తీసిందా? బెరడు కోసమే చెట్టు కొట్టేస్తే మొక్క నుంచి వచ్చింది అన్న మాటకి విలువ లేదు. ఇంకో హెచ్చరిక: సాపోనిన్లు ఎర్ర రక్తకణాలని పగలగొడతాయి. ఈ ఫార్ములా నోటి ద్వారా ఇవ్వడానికే, ఇంజెక్షన్‌కి ఎట్టి పరిస్థితుల్లోనూ కాదు.

సీబీడీతో వచ్చే అనాలిసిస్ సర్టిఫికెట్ పూర్తిగా చదవండి. టీహెచ్‌సీ (గంజాయిలో మత్తు కలిగించే పదార్థం) ఎంత, మిగిలిన సాల్వెంట్ ఎంత, పురుగుమందులు, కాడ్మియం, సీసం ఎంత. ఈ మొక్క నేలలోని భార లోహాలని బాగా పీల్చుకుంటుంది. వీలైతే సూపర్‌క్రిటికల్ కార్బన్ డయాక్సైడ్‌తో తీసిన సరుకు తీసుకోండి. 31 డిగ్రీలు, 74 బార్ ఒత్తిడి దాటితే ఆ వాయువు ద్రవంలా కరిగించుకుంటుంది, ఒత్తిడి వదిలేస్తే దానంతట అదే వెళ్లిపోతుంది. హెక్సేన్ లాంటి సాల్వెంట్ ఆనవాళ్ల గొడవ ఉండదు.

తయారీ

సీబీడీ, నూనెలు, లెసితిన్, టోకోఫెరాల్ ఒక గాజు బీకర్‌లో తీసుకుని 55 నుంచి 60 డిగ్రీల వాటర్ బాత్‌లో పెట్టి, మాగ్నెటిక్ స్టిర్రర్ మీద మెల్లగా తిప్పండి. నైట్రోజన్ ఉంటే బీకర్ మీద సన్నగా వదలండి. సీబీడీకి గాలి, వెలుతురు, వేడి మూడూ పడవు. పలుకులన్నీ పోయి నూనె తేటగా కనిపించాలి. కొన్ని లెసితిన్లు కొంచెం మబ్బుగా ఉంచుతాయి, దానికి టెన్షన్ పడొద్దు. కానీ దీపానికి ఎదురుగా పెట్టినప్పుడు మెరిసే రేణువులు కనిపిస్తే ఇంకా కరగలేదని అర్థం, ఆగండి.

ప్లాస్టిక్ బీకర్ మాత్రం వాడొద్దు. సీబీడీ ప్లాస్టిక్‌కి అంటుకుంటుంది. పలచటి ద్రావణాల్లో అయితే పాలీప్రొపిలీన్ ట్యూబ్ గోడలే గుర్తించదగినంత మందుని పట్టేసుకుంటాయి. మొదటి నుంచి చివరి దాకా గాజే.

మరో బీకర్‌లో సాపోనిన్‌ని నీటిలో కరిగించి అదే ఉష్ణోగ్రతకి తీసుకురండి. పీహెచ్ చూసి 6 దగ్గర పెట్టండి. ఇక్కడ ఆషామాషీగా ఉండకూడదు. క్షారం ఎక్కువైతే సీబీడీ ఆక్సీకరణ చెంది క్వినోన్‌గా మారుతుంది, ఊదా రంగు వస్తుంది. గంజాయిని గుర్తించడానికి పాత ఫోరెన్సిక్ పుస్తకాల్లో ఉండే బీమ్ పరీక్ష ఆధారపడేది ఈ రంగు మీదే. బలమైన ఆమ్లంలోనేమో సీబీడీ టీహెచ్‌సీగా మారే వీలుంది. మత్తు లేని మందు అని ఇస్తున్నప్పుడు ఆ మార్పు జరగనివ్వకూడదు.

ఇప్పుడు రోటర్ స్టేటర్‌ని (వేగంగా తిరిగే తలున్న మిక్సర్‌ని) 8000 నుంచి 10000 ఆర్‌పీఎం దగ్గర నడుపుతూ నూనెని నీటిలోకి సన్నటి ధారగా పోయండి. 3 నుంచి 5 నిమిషాలు చాలు. తల పూర్తిగా ద్రవంలో మునిగి ఉండాలి, ఎందుకంటే సాపోనిన్ విపరీతంగా నురుగు తెస్తుంది. నురుగంటే గాలి, గాలంటే ఆక్సీకరణ. పైన నురుగు పేరుకుంటే వేగం తగ్గించి, తలని ఇంకొంచెం కిందికి దించండి. ఈ దశలో బొట్లు ఇంకా మైక్రాన్ల సైజులోనే ఉంటాయి.

తర్వాత హై ప్రెషర్ హోమోజినైజర్. 800 నుంచి 1000 బార్, మూడు నుంచి ఐదు పాస్‌లు (మిషన్‌లోంచి ఒకసారి పంపితే ఒక పాస్). ఒక లెక్క గుర్తుంచుకోండి: నీటి లాంటి ద్రవంలో ప్రతి 100 బార్‌కి ఉష్ణోగ్రత దాదాపు 2.4 డిగ్రీలు పెరుగుతుంది. 1000 బార్ అంటే ఒక్క పాస్‌కే 24 డిగ్రీలు. 55 డిగ్రీలతో లోపలికెళ్లిన ఎమల్షన్ 80 దగ్గర బయటికొస్తుంది. అందుకని బయటి గొట్టానికి కూలింగ్ జాకెట్ పెట్టుకోవాలి, రెండో పాస్ నుంచి గది ఉష్ణోగ్రతకి దగ్గరగా నడపాలి. ఇది ద్రవ నూనె కాబట్టి చల్లగా ఉన్నా గడ్డకట్టదు.

హోమోజినైజర్ లేకపోతే ప్రోబ్ సోనికేటర్‌తో (అల్ట్రాసౌండ్‌తో బొట్లని చిదిపే కడ్డీతో) 50 గ్రాముల బ్యాచ్ చేయొచ్చు. ఐస్ బాత్‌లో పెట్టి, 5 సెకన్లు నడిపి 5 సెకన్లు ఆపుతూ, నడిచిన సమయం మొత్తం 5 నిమిషాలు వచ్చేలా. ప్రోబ్ కొన గాజుకి తగలకూడదు, పైకి తేలకూడదు. కొన అరిగి టైటానియం రేణువులు మందులోకి రాలతాయి. తర్వాత నెమ్మదిగా సెంట్రిఫ్యూజ్ చేసి వాటిని కిందికి దించాలి. నేర్చుకోవడానికి సోనికేటర్ సరే, మందు తయారీకి నేను ఒప్పుకోను.

ఎప్పుడు ఆపాలి?

అతి ఎక్కువ శక్తి వృథా అయ్యేది ఇక్కడే. ప్రోటోకాల్‌లో పది పాస్‌లు అని ఉంటే పదీ నడిపేస్తారు. ప్రతి పాస్ తర్వాత కొంచెం తీసి సైజు కొలవండి. సాధారణంగా మూడో నాలుగో పాస్ తర్వాత సైజు తగ్గడం ఆగిపోతుంది. అక్కడే మీరూ ఆపాలి. ఇంకా నడిపితే వేడికి బొట్లు మళ్లీ కలిసిపోయి సైజు పెరిగే అవకాశం కూడా ఉంది.

మిషన్ దగ్గరికి వెళ్లే ముందు కంటితోనే చాలా తెలుస్తుంది. బీకర్‌ని ఒకవైపు వంచి నిలబెట్టండి. ముతక ఎమల్షన్ గాజు మీద తెల్లటి చారలు వదులుతుంది. సన్నగా అయ్యాక గోడ మీద నుంచి జారే పొర పలచగా, కాస్త నీలంగా మారుతుంది. బీకర్‌లోది మాత్రం ఇంకా తెల్లగానే ఉంటుంది, అందులో 10 శాతం నూనె ఉంది కదా. ఒక్క చుక్క తీసి గ్లాసు నీళ్లలో వేసి, వెనక నల్ల కాగితం పెట్టి, పక్క నుంచి పెన్ టార్చ్ వెయ్యండి. ఆ నీళ్లు లేత నీలంగా వెలుగుతాయి. నల్ల కాగితం తీసేసి, అదే టార్చ్‌ని గ్లాసు వెనక నుంచి మీ వైపు వేసి చూస్తే వెలుతురు పసుపు, నారింజ వైపు తిరుగుతుంది. ఈ రెండు రంగులూ కనిపించిన శాంపిల్‌నే సైజు కొలవడానికి తీసుకెళ్లండి. మిషన్ సమయం, క్యూవెట్లు, నీళ్లు అన్నీ మిగులుతాయి.

చెదిరిన వెలుతురుతో సైజు కొలిచే డైనమిక్ లైట్ స్కాటరింగ్‌కి శాంపిల్‌ని 500 నుంచి 1000 రెట్లు పలచన చేయాలి. సగటు సైజు 200 నానోమీటర్ల లోపు, పాలీడిస్పర్సిటీ (సైజుల్లో తేడాలు ఎంతున్నాయో చెప్పే అంకె) 0.2 లోపు వస్తే సంతోషించండి. జీటా పొటెన్షియల్ (బొట్ల ఉపరితలం మీది ఆవేశానికి కొలత) మైనస్ 30 మిల్లీవోల్టుల కన్నా ఇంకా రుణంగా ఉంటే బొట్లు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. సాపోనిన్ ఆ రుణ ఆవేశాన్ని బాగానే ఇస్తుంది, కానీ బాగా ఆమ్లంలో, ఎక్కువ ఉప్పులో అది తగ్గిపోతుంది. కాబట్టి కడుపులాంటి పీహెచ్ 2 ద్రవంలో ఏమవుతుందో కూడా తప్పకుండా చూడండి.

99 శాతం అనే అంకె

ఎన్‌క్యాప్సులేషన్ ఎఫిషియెన్సీ, అంటే వేసిన మందులో బొట్ల లోపలికి చేరిన భాగం, 99 శాతం అని రాసిన రిపోర్టు చూస్తే నాకు కోపమొస్తుంది. చేసే పద్ధతేమిటి? ఎమల్షన్‌ని అల్ట్రాఫిల్టర్‌లో తిప్పి, కిందికి దిగిన నీటిలో సీబీడీ ఎంతుందో చూసి, మిగతాదంతా బొట్ల లోపలే ఉందనుకుంటారు. సీబీడీ అసలు నీటిలో కరగదు కదా! బొట్ల బయట ఉన్న మందు స్ఫటికాలుగానో, వేరే ముద్దలుగానో ఫిల్టర్ మీదే ఉండిపోతుంది. కొంచెం కిందికి దిగినా ఫిల్టర్ ప్లాస్టిక్ పట్టేసుకుంటుంది. ఈ పరీక్షలో చెడ్డ ఎమల్షన్‌కి కూడా 99 వస్తుంది.

దానికి బదులు మూడు పనులు చేయండి. పోలరైజ్డ్ లైట్ మైక్రోస్కోప్ కింద ఒక చుక్క పెట్టి మెరిసే స్ఫటికాలున్నాయేమో వెతకండి. తక్కువ వేగంతో సెంట్రిఫ్యూజ్ చేసి అడుగున ఏమైనా దిగిందేమో చూడండి. మూడోది, పాత్ర పైభాగం, మధ్య, అడుగు నుంచి విడివిడిగా తీసి సీబీడీ మొత్తం కొలవండి. మూడు చోట్లా ఒకే అంకె వచ్చి, మీరు వేసినదానితో సరిపోతే అప్పుడు నమ్మొచ్చు.

సీబీడీ ఎంతుందో కొలిచే హెచ్‌పీఎల్‌సీ మిషన్‌కి 0.1 మిల్లీలీటర్ ఎమల్షన్‌ని గాజు వయల్‌లో 9.9 మిల్లీలీటర్ల ఇథనాల్‌తో కలిపితే సరిపోతుంది. 220 నానోమీటర్ల దగ్గర సీబీడీ బాగా కనిపిస్తుంది. మొబైల్ ఫేజ్‌లో (శాంపిల్‌ని కాలమ్ గుండా మోసుకెళ్లే ద్రవంలో) ఎసిటోనైట్రైల్ బదులు ఇథనాల్ కూడా వాడొచ్చు. చిక్కగా ఉండటంతో కాలమ్ మీద ఒత్తిడి పెరుగుతుంది, కాలమ్‌ని 40 డిగ్రీల దగ్గర పెట్టి ఫ్లో తగ్గిస్తే నడుస్తుంది. తయారీ అంతా గ్రీన్‌గా చేసి, టెస్టింగ్‌లో విషపూరితమైన సాల్వెంట్ లీటర్లు పారబోయడం నాకు మింగుడు పడదు.

వేరే రూపం కావాలంటే

చర్మం మీద రాసే మందుకి ఘన లిపిడ్ కలిపిన వాహకం బాగుంటుంది. పై ఫార్ములాలో నూనెల బదులు గ్లిసరిల్ బెహెనేట్ 6 గ్రాములు, ఎంసీటీ 3 గ్రాములు తీసుకోండి. ఆ లిపిడ్ 70 డిగ్రీల దగ్గర కరుగుతుంది కాబట్టి నూనె, నీరు, హోమోజినైజర్ గొట్టం అన్నీ 80 డిగ్రీలకి పైనే ఉండాలి. లేకపోతే మధ్యలోనే గడ్డకట్టి మిషన్ మూసుకుపోతుంది. చల్లారాక వారాల తరబడి లిపిడ్ స్ఫటిక రూపం మారుతూ మందుని బయటికి నెట్టేస్తుంది. ఎంసీటీ కలిపేది దాన్ని తగ్గించడానికే.

పొడి రూపమే కావాలనుకునేవాళ్లు మొక్కజొన్నలో ఉండే ‘జీన్’ (zein) అనే ప్రొటీన్‌ని వాడతారు. 80 శాతం ఇథనాల్‌లో జీన్, సీబీడీ కరిగించి, సోడియం కేసినేట్ (పాల ప్రొటీన్) ఉన్న నీటిలోకి పోస్తే క్షణాల్లో నానో రేణువులు పడతాయి. చూడ్డానికి ఎంతో బాగుంటుంది. కానీ లెక్క వెయ్యండి. 1 గ్రాము సీబీడీకి 10 గ్రాముల జీన్, 10 గ్రాముల కేసినేట్, 250 మిల్లీలీటర్ల 80 శాతం ఇథనాల్ అనుకుందాం. తీసెయ్యాల్సిన ఆల్కహాల్ 158 గ్రాములు, చేతికొచ్చే పొడి 21 గ్రాములు. ఆ ఆల్కహాల్‌ని రోటరీ ఇవాపరేటర్‌లో పట్టి మళ్లీ వాడితేనే ఈ పద్ధతి గ్రీన్. ఫ్యూమ్ హుడ్‌లో ఆవిరికి వదిలేస్తే కాదు. ఎండబెట్టడానికి ఫ్రీజ్ డ్రయర్ కన్నా స్ప్రే డ్రయర్‌కి శక్తి తక్కువ పడుతుంది. అసలు ద్రవంగా ఇవ్వగలిగితే ఎండబెట్టొద్దు.

నిల్వ, లెక్కలు, వ్యర్థం

రంగు గాజు సీసాల్లో, పైన ఖాళీ తక్కువ ఉండేలా నింపి, 2 నుంచి 8 డిగ్రీల దగ్గర పెట్టండి. 25, 40 డిగ్రీల దగ్గర కూడా కొన్ని ఉంచి, నాలుగు వారాలపాటు వారం వారం సైజు, సీబీడీ శాతం, రంగు రాసుకోండి. బొట్టు వ్యాసార్థం ఘనం రోజులతో పాటు సరళరేఖలో పెరుగుతుంటే ఓస్వాల్డ్ రైపెనింగ్ జరుగుతోంది, పొడవు గొలుసు నూనె ఇంకొంచెం పెంచండి. గులాబీ, ఊదా ఛాయ వస్తే సైజు ఎంత బాగున్నా ఆ బ్యాచ్ వాడకూడదు. ఇందులో ప్రిజర్వేటివ్ లేదు, నీరుంది. సూక్ష్మజీవుల పరీక్ష తప్పనిసరి.

రసాయన శాస్త్రవేత్త రోజర్ షెల్డన్ 1992లో చెప్పిన ‘ఈ-ఫ్యాక్టర్’ (E factor) చాలా సులువు: పారేసిన బరువుని తయారైన బరువుతో భాగించడమే. నీళ్లు కూడా విడిగా రాయండి. మన మొదటి పద్ధతిలో వేసిన 100 గ్రాములూ మందులోనే ఉంటాయి. పారేది కడిగిన నీళ్లే. వాటిని కూడా తగ్గించాలంటే కడిగే ముందు పాత్రలని, మిషన్ తలని ఇథనాల్‌తో తడిపిన చిన్న గుడ్డతో తుడవండి. హోమోజినైజర్ ప్లగ్‌కి కరెంటు మీటర్ తగిలించి ప్రతి బ్యాచ్‌కి ఎన్ని యూనిట్లయ్యాయో నోట్‌బుక్‌లో సైజు పక్కనే రాయండి.

ఎవరికైనా ఇచ్చే దశకి వస్తే, మామూలు నూనె మందు మోతాదునే ఇక్కడా ఇవ్వకూడదు. ఒంట్లోకి చేరేది కొన్ని రెట్లు పెరగొచ్చు. సీబీడీ రక్తంలో కాలేయ ఎంజైముల స్థాయిని పెంచొచ్చు, క్లోబజామ్ (మూర్ఛ మందు), వార్ఫరిన్ (రక్తం గడ్డకట్టకుండా చేసే మందు) లాంటి మందుల స్థాయిని మారుస్తుంది. కొత్త మోతాదు డాక్టర్ల పర్యవేక్షణలో, నైతిక కమిటీ అనుమతితో, రక్త పరీక్షలతోనే తేలాలి.

మిగిలిన ఎమల్షన్‌ని, తుడిచిన గుడ్డలని సింక్‌లో పడేయొద్దు. మూత ఉన్న డబ్బాలో పెట్టి, బరువు రాసి, మీ ల్యాబ్‌లో నియంత్రిత మందుల వ్యర్థాన్ని కాల్చే విభాగానికి పంపండి. వేసిన సీబీడీ, మందులోకి వెళ్లింది, వ్యర్థంలోకి వెళ్లింది మూడూ రిజిస్టర్‌లో సరిపోవాలి.